హాక్సా బ్లేడుతో మోర్స్ కీ: ఇంట్లోనే ఎలా చేసుకోవాలి?

మన దేశంలో టెలిగ్రాం సర్వీసు 2013 జూలైలో ఆగిపోయింది. నిజానికి తంతి ఆఫీసులు మోర్స్‌ని, అంటే అక్షరాలని చుక్కలూ గీతలుగా పంపే సంకేతాలని, అంతకు చాలా ముందే వదిలేశాయి. వదలనిది హామ్ రేడియో వాళ్లే, అంటే సరదాకి సొంతంగా రేడియో నడుపుకునేవాళ్లు. ఇవాళ్టికీ రాత్రిపూట 7 మెగాహెర్ట్జ్ దగ్గర చెవి పెడితే 'డా డి డా డిట్, డా డా డి డా' వినిపిస్తుంది. 'డా' అంటే గీత, 'డి', 'డిట్' అంటే చుక్క. ఇవి సి, క్యూ అక్షరాలన్నమాట. 'ఎవరైనా ఉన్నారా' అని పిలుపు.

ఈ చుక్కలూ గీతలూ కొట్టే మీటనే కీ అంటారు. కొత్త కీ కొనాలంటే వేలల్లో పని. నేర్చుకోవడానికి అంత అక్కర్లేదు. ఒక హాక్సా బ్లేడు, ఒక క్యారమ్ కాయిన్, మూడు చెక్క ముక్కలు, నాలుగు ఎలక్ట్రానిక్ సామాన్లు చాలు. ఒక ఆదివారం మధ్యాహ్నం కూర్చుంటే అయిపోతుంది.

ముందు కీ

బ్లేడు పెళుసుగా ఉండే మామూలుది తీసుకోండి. వంగే రకం అయితే మధ్యకి విరగదు, చేతికి చిరాకు. గుడ్డలో చుట్టి, కళ్లద్దాలు పెట్టుకుని, పట్టకారుతో పట్టి మధ్యలో విరవండి. అద్దాలు లేకుండా మాత్రం వద్దు, ముక్క ఎటు ఎగురుతుందో చెప్పలేం. రెండు సగాల్లో ఒకటి చాలు. పళ్లని సానరాయి మీద అరగదీయండి. పెయింటుంటే గరుకు కాగితంతో తుడిచేయండి, కనీసం రెండు చివర్లా. పెయింటు ఉన్నచోట కరెంటు పారదు, చాలామంది మొదట తప్పుచేసేది ఇక్కడే.

బ్లేడుకి డ్రిల్లింగ్ చేద్దామని చూడకండి. బిట్టు అరుగుతుంది గానీ బెజ్జం పడదు. అదృష్టవశాత్తూ బ్లేడు చివర బెజ్జం ఎలాగూ ఉంది. క్యారమ్ కాయిన్‌కి నడిమధ్యలో బెజ్జం పెట్టి, 3 మిల్లీమీటర్ల ఇత్తడి బోల్టు, 20 మిల్లీమీటర్ల పొడవుది, పైనుంచి దించండి. కాయిన్, వాషర్, బ్లేడు, మళ్లీ వాషర్, నట్టు. కింద ఒక సెంటీమీటరు బోల్టు మిగులుతుంది. పైన కాయిన్ మీద వేళ్లు, కింద బోల్టు కొసే కాంటాక్టు.

ఇక పీఠం. జానెడు పొడవు చెక్క ముక్క. దాని వెనక చివర 15 మిల్లీమీటర్ల మందం ఉన్న చిన్న దిమ్మె పెట్టి, దాని మీద బ్లేడు విరిగిన కొసని పడుకోబెట్టి, పైన ఇంకో చెక్క పలక వేయండి. బ్లేడుకి అటొకటి ఇటొకటి స్క్రూలు దిగ్గొడితే మధ్యలో బ్లేడు గట్టిగా నొక్కుకుపోతుంది. బిగించేముందు ఒక వైరు కొసని వలిచి బ్లేడు కింద దూర్చడం మరిచిపోవద్దు. ఇలా నొక్కిపెట్టడంలో ఒక లాభం ఉంది: స్క్రూలు వదులు చేసి బ్లేడుని ముందుకీ వెనక్కీ జరుపుకోవచ్చు. బయటికి ఎక్కువ పొడవుంటే మెత్తగా, తక్కువుంటే బిర్రుగా ఉంటుంది. పది సెంటీమీటర్లతో మొదలుపెట్టండి.

బోల్టు కొస పడేచోట గుండ్రటి తల ఉన్న ఇత్తడి స్క్రూ ఒకటి దించి, దాని తల కింద రెండో వైరు చుట్టండి. స్క్రూని తిప్పితే తల పైకీ కిందికీ కదులుతుంది కదా, ఖాళీ సరిచేసుకునేది దాంతోనే. మడిచిన పోస్టుకార్డు దూరేంత ఖాళీ మొదట్లో సరిపోతుంది. చెయ్యి తిరిగాక తగ్గించుకోవచ్చు.

పీఠం తేలిగ్గా ఉంటే కీ టేబుల్ మీద నడుస్తుంది, వెనకాలే మనమూ నడవాలి. అడుగున గ్రానైటు ముక్కో, షాబాదు బండ ముక్కో అంటించండి. దాని కింద పాత సైకిల్ ట్యూబు ముక్కలు నాలుగు.

నా మొదటి కీతో ఒక తలనొప్పి వచ్చింది. హెచ్ కొడితే 5 వెళ్లేది. హెచ్‌కి నాలుగు చుక్కలు, అంకె 5కి అయిదు. నాకు లెక్క రాదనుకుని వారం రోజులు సాధన చేశాను. చివరికి బీప్‌ని ఫోన్లో రికార్డు చేసి అలల బొమ్మ చూస్తే తెలిసింది: వేలు తీశాక బ్లేడు తంబుర తీగలా ఊగుతూ కిందికొచ్చి ఇంకోసారి తగులుతోంది! దిమ్మెకి కాస్త ముందుగా, బ్లేడుకీ పీఠానికీ మధ్య చెప్పుల స్పాంజి ముక్క ఒకటి ఇరికించాను. రోగం కుదిరింది. మీరు ముందే పెట్టేయండి.

తర్వాత బీప్

బద్ధకమైతే 'యాక్టివ్ బజర్' (కరెంటు ఇస్తే చాలు, తనే మోగేది) ఒకటి తెచ్చి, బ్యాటరీ, కీ, బజర్ వరసగా కలిపేయండి. పని చేస్తుంది. కానీ ఆ కీచుగొంతు పావుగంట వింటే ఇంట్లోవాళ్లు బయటికి పంపిస్తారు. చెవికి హాయిగా ఉండేది 600-700 హెర్ట్జ్ స్వరం. దానికి 555 ఐసీ కావాలి, ఎనిమిది కాళ్లున్న చిన్న చిప్పు. హైదరాబాద్ వాళ్లకి కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతుంది. మిగతావాళ్లు ఆన్‌లైన్లో తెప్పించుకోవచ్చు.

బ్రెడ్‌బోర్డు (టంకం లేకుండా భాగాలు గుచ్చి కలుపుకునే బెజ్జాల పలక) మీద ఐసీని, దాని ఒక చివరున్న గంటు పైకి వచ్చేలా గుచ్చండి. ఎడమవైపు పైనున్నది 1వ కాలు. ఎడమపక్క కిందికి 1 నుంచి 4, కుడిపక్క కింది నుంచి పైకి 5 నుంచి 8. తర్వాత ఇలా కలపండి:

- 8, 4 కాళ్లు కలిపి బ్యాటరీ ప్లస్‌కి.
- 8కీ 7కీ మధ్య 10 కిలో ఓమ్‌లు (గోధుమ, నలుపు, నారింజ).
- 7కీ 6కీ మధ్య 100 కిలో ఓమ్‌లు (గోధుమ, నలుపు, పసుపు).
- 6, 2 కాళ్లు ఒకదానికొకటి. అక్కణ్నుంచి 1వ కాలికి '103' అని రాసున్న చిన్న కెపాసిటర్. అలాంటిదే ఇంకోటి 5కీ 1కీ మధ్య.
- 3 నుంచి 100 ఓమ్‌ల రెసిస్టర్, దాని తర్వాత 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ (ప్లస్ కాలు రెసిస్టర్ వైపు), తర్వాత 8 ఓమ్‌ల స్పీకర్. స్పీకర్ రెండో కొస 1వ కాలికి. పాడైన బొమ్మలోంచి పీకిన స్పీకరైనా సరే.
- 1వ కాలికీ 9 వోల్టుల బ్యాటరీ మైనస్‌కీ మధ్య మన కీ.

లెక్క ప్రకారం ఇది 686 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది. కెపాసిటర్లు కచ్చితంగా ఉండవు కాబట్టి కాస్త అటూ ఇటూ అవుతుంది. కీ నొక్కినా నోరు మెదపకపోతే ముందు బ్యాటరీ వైర్లు తారుమారయ్యాయేమో చూడండి. అలా అయితే ఐసీ పోయినట్టే అనుకోవచ్చు, అందుకే రెండు తెచ్చుకోమంటాను.

చేతికి లయ నేర్పడం

చుక్క ఒక మాత్ర అనుకుంటే గీత మూడు మాత్రలు. అక్షరం లోపల ఖాళీ ఒకటి, అక్షరాల మధ్య మూడు, పదాల మధ్య ఏడు. మన ఛందస్సులో గురువుకి రెండే మాత్రలు, ఇక్కడ ఒకటి ఎక్కువ. అంతే తేడా.

ఛందస్సు ఊరికే ఎత్తలేదు. బడిలో యమాతారాజభానసలగం బట్టీ పట్టినవాళ్లకి పది అక్షరాలు ముందే వచ్చినట్టు. లఘువు చుక్క, గురువు గీత అనుకోండి. యగణం డబ్ల్యూ, మగణం ఓ, తగణం జి, రగణం కె, జగణం ఆర్, భగణం డి, నగణం ఎస్, సగణం యు. ఒంటరి లఘువు ఇ, ఒంటరి గురువు టి. ఎస్ఓఎస్ అంటే న, మ, న గణాలు. మూడు గుర్తులున్న ఇంగ్లిష్ అక్షరాలు సరిగ్గా ఎనిమిది, గణాలూ ఎనిమిదే! చార్టు చూసి చుక్కలు లెక్కపెట్టేవాళ్లకంటే గణాన్ని నోటితో పలికేవాళ్లే తొందరగా పట్టుకుంటారని నా నమ్మకం.

మోచెయ్యి టేబుల్ మీద ఆనించండి. చూపుడు, మధ్య వేళ్లు కాయిన్ మీద, బొటనవేలు పక్కన. కదలాల్సింది మణికట్టు. వేళ్లతో పొడిస్తే అరగంటకే నొప్పి వస్తుంది. నిమిషానికి 8 పదాల వేగమంటే చుక్క సెకనులో సుమారు ఏడోవంతు. కొట్టడం నెమ్మదిగా ఉన్నా ఫర్వాలేదు, వినేటప్పుడు మాత్రం ఒక్కో అక్షరాన్ని 12-15 పదాల వేగంతో పెట్టుకుని, మధ్య ఖాళీలు పెంచుకోండి. ఫోన్లో మోర్స్ డీకోడర్ యాప్ ఒకటి వేసుకుని మీరు కొట్టింది వినిపించండి. మొహమాటం లేకుండా తప్పులు చూపిస్తుంది.

రేడియోకి తగిలించేటప్పుడు

ఇంట్లో బీప్ చేసుకోవడానికి లైసెన్స్ అక్కర్లేదు. గాలిలోకి పంపాలంటే కేంద్రం ఇచ్చే అమెచ్యూర్ (హామ్) లైసెన్స్ ఉండాల్సిందే. రిస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కి మోర్స్ పరీక్ష లేదు. జనరల్ గ్రేడ్‌కి నిమిషానికి 8 పదాల పరీక్ష పెడుతూ వచ్చారు. దరఖాస్తుకి ముందు తాజా నియమాలు చూసుకోండి. నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో హైదరాబాద్‌లోనే ఉంది, అక్కడ అడగొచ్చు.

కీ వైర్లు రెండూ రేడియోకి గుచ్చే జాక్‌లో కొసకీ, అడుగు భాగానికీ వెళ్తాయి. రేడియో సెట్ మెనూలో 'స్ట్రెయిట్ కీ' (మనలాంటి మామూలు కీ) అని ఎంచుకోవాలి. 'ప్యాడిల్' (చుక్కలూ గీతలూ సెట్టే తయారుచేసే రకం కీ) మీద ఉంటే నొక్కినంతసేపూ చుక్కలే కురుస్తాయి. ఒకటి మాత్రం గట్టిగా చెప్తున్నాను: పాత వాల్వు ట్రాన్స్‌మిటర్లకి ఈ కీ తగిలించకండి. వాటిలో కొన్నింటికి కీ వైర్లలోనే ప్రమాదకరమైన వోల్టేజీ ఉంటుంది, మన బ్లేడేమో బయటికి నగ్నంగా ఉంది.

విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో బ్లేడు తొందరగా తుప్పు పడుతుంది. కుట్టుమిషన్ నూనె పలచగా రాయండి, కాంటాక్టుకి తగలనివ్వద్దు. కాంటాక్టు మసకబారితే గరుకు కాగితం వాడకుండా, తెల్ల కాగితం ముక్క మధ్యలో పెట్టి కీ నొక్కి పట్టి లాగండి. కాగితం మీద నల్లటి చార పడుతుంది. చార పడకుండా వచ్చేదాకా ఇంకో ముక్క, ఇంకో ముక్క.