తారు రోడ్డుకూ మట్టి బాటకూ ఒకే జీపీఎస్: ఎలా ఎంచుకోవాలి?

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల బైకు మీద తిరిగేవాళ్లకు ఒకే రోజు రెండు రకాల దారులు తగులుతాయి. పొద్దున పలమనేరు నుంచి మొగిలి ఘాట్ దిగుతూ హైవే మీద ఉంటారు. మధ్యాహ్నానికి కార్వేటినగరం వైపు ఏ మామిడితోపు వెనకో బండ్ల బాటలో ఉంటారు. రెండింటికీ పనికొచ్చే జీపీఎస్ దొరుకుతుంది. కానీ చాలామంది తెర ఎంత పెద్దదో, ధర ఎంతో చూసి కొనేస్తారు. అసలు చూడాల్సింది మరొకటుంది. మీరు ఇచ్చిన దారిని అది ఉన్నదున్నట్టు చూపిస్తుందా, తనకు తోచినట్టు మార్చేస్తుందా? ఇది తేల్చుకోకుండా కొంటే తారు రోడ్డు మీద బాగానే ఉంటుంది, మట్టిలోకి దిగగానే చేతులెత్తేస్తుంది.

ఫోన్ ఉండగా ఇదెందుకు అనేవాళ్లుంటారు. తారు రోడ్డుకు ఫోన్ చాలు, కాదనను. కానీ మే నెలలో మనకు నలభై డిగ్రీలు మామూలు. ఐఫోన్‌ను 35 డిగ్రీల లోపు వేడిలోనే వాడమని ఆపిల్ కంపెనీయే చెబుతుంది. ఎండలో హ్యాండిల్‌బార్ మీద పెట్టిన ఫోన్ ముందు వెలుతురు తగ్గించుకుంటుంది, తర్వాత ఛార్జింగ్ ఆపేస్తుంది, చివరికి చల్లారేదాకా పనిచేయనని మొండికేస్తుంది. మోటార్‌సైకిల్ ఇంజిన్ల అదురుకు కెమెరా దెబ్బతినొచ్చని 2021లో అదే కంపెనీ హెచ్చరించింది. వానలో అయితే తెరకు తగిలింది వేలో నీటిబొట్టో దానికి తెలియదు. ఫోన్ జేబులో ఉండాలి. ఎక్కడైనా పడిపోతే మనుషుల్ని పిలవడానికి దాంట్లో ఛార్జింగ్ మిగలాలి.

ఏ రకం?

జీపీఎస్‌లు చేసే గార్మిన్ కంపెనీనే ఉదాహరణగా తీసుకుందాం, ఎక్కువమంది అడిగేది అదే కాబట్టి. జూమో ఎక్స్‌టీ లాంటివి రోడ్డు కోసం చేసినవి. 5.5 అంగుళాల తెర, గ్లౌజు వేసుకున్నా పనిచేసే టచ్, హెల్మెట్‌లోకి మాట పంపే బ్లూటూత్ ఉంటాయి. ఈట్రెక్స్ 22ఎక్స్, 32ఎక్స్ లాంటివి కొండలెక్కేవాళ్లవి. 2.2 అంగుళాల తెర, బటన్లు, రెండు పెన్ను సెల్స్‌తో దాదాపు ఇరవై అయిదు గంటలు నడుస్తాయి. ఎంత ఎండ పడితే తెర అంత స్పష్టంగా కనిపిస్తుంది. మోంటానా 700 తరహావి ఈ రెండింటికీ మధ్యలో ఉంటాయి: 5 అంగుళాల తెర, బైకుకు బిగించుకోవచ్చు, విప్పి చేత్తో పట్టుకుని నడవచ్చు.

రెండు పనులకూ ఒకటే కావాలంటే మధ్య రకమే తీసుకోండి. హైవే మీద అయిదు అంగుళాల కంటే చిన్న తెర వద్దు. ఎనభై స్పీడులో బైకు సెకనుకు ఇరవై రెండు మీటర్లు పోతుంది. చిన్న అక్షరాలు చదవడానికి రెండు సెకన్లు కళ్లు దించితే నలభై నాలుగు మీటర్లు చూడకుండా నడిపినట్టే.

మిగతావి త్వరగా చూసేయండి. ఐపీఎక్స్7 అని రాసి ఉండాలి. మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా లోపలికి నీరు పోదని దాని అర్థం. ఛార్జింగ్ రంధ్రం మీది రబ్బరు మూత సరిగ్గా మూసినప్పుడే ఇది నిజం. మౌంట్, అంటే యూనిట్‌ను హ్యాండిల్‌బార్‌కు పట్టి ఉంచే బిగింపు, అంగుళం బంతి ఉన్నది, లోహంది తీసుకోండి. కరెంటు ఫ్యూజు పెట్టి, బండి తాళంచెవి తీసేస్తే ఆగిపోయేలా మెకానిక్‌తో వైరింగ్ చేయించండి. బిగించాల్సింది ఎడమవైపే, ఎందుకంటే కుడిచేయి యాక్సిలరేటర్ వదలకూడదు. పెట్టె మీద నావిక్, అంటే జీపీఎస్ లాంటి మన దేశపు సొంత వ్యవస్థ పేరు, ఉందా అని వెతికేవాళ్లున్నారు. మన శ్రీహరికోట నుంచి ఎగిరిన ఉపగ్రహాలు కాబట్టి ఆ అభిమానం నాకూ ఉంది. కానీ కొండ పక్కన, లోయల్లో తేడా చూపించేది రెండు ఫ్రీక్వెన్సీలు అందుకునే మల్టీబ్యాండ్ రిసీవర్. నావిక్ ఉంటే మంచిదే, లేదని మాత్రం మంచి యూనిట్‌ను వదులుకోకండి.

మ్యాప్

అమెరికా నుంచి బావమరిది తెచ్చిన యూనిట్‌లో అమెరికా మ్యాపే ఉంటుంది. ఇక్కడ ఆన్ చేస్తే పెద్ద ఊళ్లు, ఒకటి రెండు హైవేలు తప్ప ఏమీ కనిపించవు. అది పాడైందనుకుని సగం ధరకు అమ్మేసినవాళ్లున్నారు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ సమాచారంతో గార్మిన్‌కు సరిపడేలా తయారుచేసిన ఇండియా మ్యాప్‌లు ఉచితంగా దొరుకుతాయి. దారి లెక్కగట్టగలిగే రకం, అంటే రూటబుల్ మ్యాప్ చూసి తీసుకోండి. మెమరీ కార్డులో గార్మిన్ అనే ఫోల్డర్ పెట్టి ఆ ఫైలు అందులో వేస్తే చాలు. ఆ మ్యాప్‌ను గీసింది వాలంటీర్లు. ఎవరూ గీయని బాట అందులో ఉండదు. గీసిన బాట నేల మీద మిగిలి ఉందో లేదో కూడా తెలియదు. 2021 నవంబరు వరదల్లో స్వర్ణముఖి మీద ఎన్ని కల్వర్టులు కొట్టుకుపోయాయో ఈ ప్రాంతం వాళ్లకు చెప్పక్కర్లేదు.

అసలు పరీక్ష: రూట్, ట్రాక్

ఇక్కడ నెమ్మదిగా చదవండి. డబ్బు వృథా అయ్యేదీ, మనుషులు దారి తప్పేదీ ఇక్కడే.

స్నేహితుడు మీకు ఒక జీపీఎక్స్ ఫైలు పంపుతాడు. దాంట్లో మూడు రకాల సమాచారం ఉండొచ్చు. వేపాయింట్ అంటే ఒక చోటు. రూట్ అంటే వరసగా కొన్ని చోట్లు. ట్రాక్ అంటే బండి నిజంగా వెళ్లిన దారి, కొన్ని మీటర్లకొకటి చొప్పున వేల చుక్కలు. రూట్ ఇవ్వడమంటే ఆటో అతనికి ఊళ్ల పేర్లు చెప్పి పోనిమ్మనడం. ట్రాక్ ఇవ్వడమంటే ముందు వెళ్లిన బండి చక్రాల జాడ చూపించడం.

రూట్ ఇస్తే చోటుకూ చోటుకూ మధ్య దారిని యూనిట్ తన మ్యాప్‌తో, తన సెట్టింగులతో లెక్కగడుతుంది. మీ స్నేహితుడి మ్యాప్‌లో ఉన్న బండ్ల బాట మీ మ్యాప్‌లో లేకపోతే మీ యూనిట్ మిమ్మల్ని చుట్టూ తిప్పి పుత్తూరు తారు రోడ్డు ఎక్కిస్తుంది. మట్టి రోడ్లు వద్దు అనే సెట్టింగ్ ఆన్‌లో ఉన్నా అంతే. ఇద్దరి దగ్గరా ఒకే ఫైలు ఉంటుంది, చెరో ఊళ్లో తేలతారు. కాబట్టి మట్టి బాటకు రూట్ వాడొద్దు, ట్రాకే వాడాలి. దీనికి మినహాయింపు లేదు.

ట్రాక్ ఇచ్చినా ధైర్యం చాలదు. రోడ్డు కోసం చేసిన యూనిట్లు చాలావరకు ట్రాక్‌ను చూడగానే ట్రిప్‌గా మార్చనా అని అడుగుతాయి. సరే అన్నారంటే మళ్లీ లెక్క మొదలు. మీ గీత దగ్గర్లోని తారు రోడ్డు మీదికి జరిగిపోతుంది. తెర మీద చూస్తే కొద్దిగానే జరిగినట్టుంటుంది. నేల మీద అది వంకకు అవతలి గట్టు కావొచ్చు.

అందుకే కొనేముందు ఈ పరీక్ష చేయండి. దుకాణంలో కుదరకపోతే వాపసు గడువు లోపల చేయండి. మీకు చిన్నప్పటి నుంచి తెలిసిన ఒక బాట ఎంచుకోండి, మ్యాప్‌లో లేనిదైతే ఇంకా మంచిది. సొంతూళ్లో చెరువు కట్ట దాటాక పొలాల్లోకి పోయేది ఏదో ఒకటి ఉంటుంది. ఫోన్‌లో రికార్డు చేస్తూ ఆ బాటలో ఒకసారి వెళ్లిరండి. ఆ ట్రాక్‌ను యూనిట్‌లో వేసి, ట్రిప్‌గా మార్చకుండా, మ్యాప్ మీద గీతగా చూపించమనండి. కొన్నిట్లో ఇది ఒక్క నొక్కుతో అవుతుంది. కొన్నిట్లో మెనూలు దాటుకుంటూ పోవాలి. అసలు చేయనివ్వనివీ ఉన్నాయి, వాటిని అక్కడే వదిలేయండి.

గీత కనిపించాక దగ్గరగా చూడండి. రంగు మార్చుకునే వీలుండాలి. పసుపు, తెలుపు ఎండలో కనబడవు, ముదురు గులాబీ పెట్టండి. తర్వాత బండి మీద ఆ బాటలోకి వెళ్లండి. కట్ట మీది చీలిక దగ్గర కావాలనే తప్పు వైపు తిరిగి వంద మీటర్లు పోయి ఆగండి. మంచి యూనిట్ మీ గీతను కదల్చకుండా అక్కడే ఉంచి, మీరు దాని నుంచి ఎంత దూరం జరిగారో చూపిస్తుంది. పనికిరానిది వెంటనే కొత్త దారి లెక్కగట్టి, వెనక్కి తిరిగి తారు రోడ్డుకు పొమ్మంటుంది. సెట్టింగుల్లో రీకాలిక్యులేషన్ ఆపేసి మళ్లీ చేయండి. రోడ్డుకు అతికించే సెట్టింగ్, లాక్ ఆన్ రోడ్ అంటారు, అది కూడా ఆపేయాలి. అది ఆన్‌లో ఉంటే మీరు పొలంలో ఉన్నా బాణం గుర్తు పక్క రోడ్డు మీద నడుస్తుంటుంది. రెండూ ఆపినా మారకపోతే ఆ యూనిట్ రోడ్డుకు మాత్రమే.

చుక్కల లెక్క మరొకటి. సెకండ్ హ్యాండ్‌లో వచ్చే పాత యూనిట్లు కొన్ని, ఉదాహరణకు జీపీఎస్‌మ్యాప్ 60సీఎస్ఎక్స్, దాచుకున్న ఒక్కో ట్రాక్‌లో 500 చుక్కలకు మించి ఉంచుకోవు. అరవై కిలోమీటర్ల దారిని 500 చుక్కల్లో కుదిస్తే చుక్కకూ చుక్కకూ మధ్య 120 మీటర్లు. ఘాట్‌లో ఆ 120 మీటర్లలో రెండు మలుపులుంటాయి. గీత వాటిని కోసుకుంటూ లోయ మీదుగా పోతుంది. ఈట్రెక్స్ 22ఎక్స్, 32ఎక్స్‌లలో ఇది 10,000 చుక్కలు, మన అవసరాలకు చాలు. పెద్ద ట్రాక్‌ను కంప్యూటర్‌లో ముక్కలు చేసి వేసుకోవడం ఇంకా మేలు. వెళ్లిన దారినే కొంత దూరం తిరిగొచ్చే ట్రాక్ అయితే తప్పకుండా వెనక్కి మళ్లే చోటు దగ్గర రెండుగా కోయండి. లేకపోతే రెండు గీతలు కలిసేచోట యూనిట్ తిరుగు దారిని పట్టుకుని, ఇంకా చూడని సగాన్ని చూసేసినట్టు లెక్క వేస్తుంది.

మట్టిలో ఉన్నంతసేపూ మ్యాప్‌ను ఉత్తరం పైకి ఉండేలా పెట్టండి. బండితోపాటు మ్యాప్ గిరగిరా తిరిగితే నాలుగు మలుపుల తర్వాత కొండ ఏ వైపుందో మీకే తెలియదు.

రోడ్డు పరీక్ష

దీనికి మనకు తిరుమల కంటే మంచి చోటు లేదు. 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డు ఇప్పుడు దిగడానికి, 1974లో వేసిన రెండోది ఎక్కడానికి. అలిపిరి నుంచి తిరుమలకు దారి అడగండి, మళ్లీ తిరుమల నుంచి అలిపిరికి అడగండి. రెండుసార్లూ ఒకే ఘాట్ చూపిస్తే ఆ మ్యాప్‌లో వన్‌వేలు సరిగ్గా లేవని అర్థం, మ్యాప్ మార్చండి. బ్రహ్మోత్సవాలప్పుడు ఊళ్లో ట్రాఫిక్ మళ్లింపులు ఏ యూనిట్‌కూ తెలియవు. పోలీసు ఎటు చెయ్యి చూపిస్తే అటే పోవాలి.

అంకెలు

తిరుపతి అక్షాంశం సుమారు 13.63 డిగ్రీలు. నిమిషాల్లో రాస్తే 13 డిగ్రీల 37.8 నిమిషాలు. ఈ రెండోదాన్ని ఎవరో 13.378 అని టైప్ చేస్తే చేరేది ఇరవై ఎనిమిది కిలోమీటర్లు దక్షిణాన. కాబట్టి మీ గుంపులో అందరూ ఒకే పద్ధతి పెట్టుకోండి, దశాంశ డిగ్రీలే పెట్టుకోండి. డేటమ్, అంటే అక్షాంశ రేఖాంశాల లెక్కకు తీసుకునే ఆధారం, డబ్ల్యూజీఎస్ 84 అని ఉండాలి. పాత సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్లు ఎవరెస్ట్ డేటమ్ మీద ఉంటాయి. వాటి అంకెలు నేరుగా ఎక్కిస్తే చోటు పక్కకు జరుగుతుంది.

కొనకూడనివి, పోకూడనివి

మోంటానా 700ఐ, 750ఐ లాంటి మోడళ్లలో ఉపగ్రహం ద్వారా మెసేజ్ పంపే ఇన్‌రీచ్ సౌకర్యం ఉంటుంది. మన దేశంలో అనుమతి లేకుండా అలాంటివి దగ్గర ఉంచుకోవడం నేరం. తెలియక వెంట తెచ్చిన విదేశీయులను విమానాశ్రయాల్లో అదుపులోకి తీసుకున్నారు. పేరు చివర ఐ లేనిదే తీసుకోండి. విదేశం నుంచి తెప్పిస్తుంటే తెచ్చేవాళ్లకు మోడల్ పేరు రాసి పంపండి, ఫోన్లో చెబితే సరిపోదు.

శేషాచలంలో బాట కనిపించింది కదా అని బండి దించకండి. అందులో శ్రీవేంకటేశ్వర జాతీయ పార్కు ఉంది, అక్కడ అనుమతి లేకుండా అడుగు పెట్టకూడదు. ఎర్రచందనం కోసం నిఘా పెట్టిన అడవి అది. రాత్రిపూట జీపీఎస్‌తో అక్కడ దొరికితే మీ మాట ఎవరూ వినరు. పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అభయారణ్యం అంచుల్లో ఏనుగులు తిరుగుతాయి. చీకటి పడ్డాక ఆ బాటలు వదిలేయండి. అటవీ శాఖ అనుమతి ఉన్నచోటికే ట్రాక్ గీసుకోండి, అనుమతి కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి ట్యాంక్ బ్యాగులో ఉంచుకోండి.