గోదావరి డెల్టాలో గుడ్ల కోసం పెరటి కోళ్లు: కొత్తగా మొదలుపెట్టేవారికి

కోనసీమలోనైనా, భీమవరం చుట్టుపక్కలనైనా కోళ్లకు తేమే పెద్ద శత్రువు కాబట్టి, పెట్టలను కొనకముందే పాక సంగతి తేల్చుకోవాలి. వాననీరు నిలవని చోట నేలను మెరక చేసి, తూర్పు పడమరలుగా పొడవు ఉండేలా తాటాకు పాక వేసి, చుట్టూ సన్నకన్నాల ఇనుప వలను బిగించాలి. ముంగిస దూరడానికి చిన్న సందు చాలు. నేలపై రెండు మూడు అంగుళాల మందాన ఊక పరచి, తరచూ తిరగవేయాలి. గుప్పిట నొక్కి వదిలినప్పుడు ఊక విడిపోకుండా ముద్దగా నిలిస్తే తడి ఎక్కినట్టే. అక్కడి తడి ఊక తీసేసి పొడి ఊక వేయాలి.

మొదట అయిదారు పెట్టలు చాలు. గుడ్ల కోసమే అయితే పుంజు అక్కరలేదు, పొదిగించాలంటేనే కావాలి. హైదరాబాదులోని కేంద్ర కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన గ్రామప్రియ రకం పెరటికి అనువైనది.

మన ఇళ్లలో నూకలు, తవుడు చల్లి ఊరుకోవడం అలవాటు. వాటితో కడుపు నిండుతుంది గానీ, గుడ్డుకు కావలసినంత మాంసకృత్తులు, సున్నం అందవు. బయట తిప్పకుండా పాకలోనే పెంచే పెట్టకు రోజుకు సుమారు 110 గ్రాముల లేయర్ దాణా (గుడ్లు పెట్టే కోళ్ల మేత) వేసి, ఆల్చిప్పల పొడిని వేరే చిప్పలో ఉంచాలి. బూజు పట్టిన దాణాను, ఎంత ఖరీదైనా సరే, పారవేయాలి.

కోళ్లను చంపే కొక్కెర తెగులు (రాణిఖేత్) వచ్చాక చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. అందువల్ల కోడిపిల్లలకు మొదటి వారంలో ఈ తెగులుకే వేసే లసోటా టీకా చుక్కలు, సుమారు ఎనిమిది వారాలకు ఆర్‌2బి టీకా పశువైద్యుని సలహాతో వేయించాలి. అయిదారు నెలల వయసులో పెట్టలు గుడ్లకు వస్తాయి. అప్పటికి నాలుగైదు పెట్టలకు ఒకటి చొప్పున ఎండుగడ్డి పరచిన గంపలను చీకటి మూలల్లో పెట్టి, గుడ్లను రోజుకు రెండుసార్లు తీయాలి.