ఫ్లోర్ మేనేజర్లకు లైంగిక వేధింపుల నివారణపై ట్రైనింగ్ ఎలా ఇవ్వాలి?

విజయవాడ బీసెంట్ రోడ్డులో ఓ బట్టల షాపు అనుకోండి. మూడంతస్తులు, నలభై మంది అమ్మాయిలు, ముగ్గురు ఫ్లోర్ మేనేజర్లు. ఏదైనా జరిగితే అమ్మాయి ముందుగా వచ్చి చెప్పుకునేది ఆ ముగ్గురిలో ఒకరికే. అందుకే ట్రైనింగ్ వాళ్లతో మొదలుపెట్టాలి.

ముందు కమిటీ సంగతి చూసుకోండి. పది మంది, అంతకు మించి పనిచేసే చోట పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపులను ఆపే 2013 చట్టం ప్రకారం, ఫిర్యాదులు విచారించే అంతర్గత కమిటీ ఉండి తీరాలి. సీనియర్ మహిళా ఉద్యోగి అధ్యక్షురాలు, సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలు, బయటి నుంచి ఒకరు. వేయకపోతే 50,000 రూపాయల దాకా జరిమానా.

ఆషాఢం సేల్‌లో, పెళ్లిళ్ల సీజన్‌లో ట్రైనింగ్ పెట్టకండి. మామూలు రోజున, షట్టర్ ఎత్తకముందు గంటన్నర చాలు.

చట్టం చదివి వినిపిస్తే నిద్రపోతారు. షాపులో జరిగేవే చెప్పండి. స్టాక్ రూమ్ ఇరుకులో కావాలని రాసుకుంటూ పోవడం. చీర భుజం మీద వేసుకుని చూపిస్తుంటే ఒంటి మీద కామెంట్. రాత్రి పదకొండింటికి "ఫొటో పెట్టు" అని వాట్సాప్. షాపు వ్యాన్‌లో జరిగినా అది పనిచేసే చోటే. చేసింది కస్టమరైనా అమ్మాయిని కాపాడాల్సింది యాజమాన్యమే. "సరదాకి అన్నాడండీ" అని ఎవరో ఒకరు అంటారు. ఆమెకు ఇష్టమా కాదా అన్నదే కొలత అని అక్కడే చెప్పేయండి.

ఇక అసలు పని. ఒకరు వచ్చి ఫిర్యాదు చెబుతున్నట్టు, ఇంకొకరు వింటున్నట్టు నటించి చూపించమనండి. పదిలో తొమ్మిదిసార్లు వచ్చే జవాబు: "నేను వాడితో మాట్లాడతాలేమ్మా, నువ్వు మనసులో పెట్టుకోకు." నా లెక్కలో అన్నిటికన్నా ఎక్కువ చెరుపు చేసేది ఈ మంచి మాటే. చట్టంలో రాజీకి వీలుంది గానీ ఆమె అడిగితేనే, కమిటీ ద్వారానే, అదీ డబ్బుతో కాదు. అనాల్సింది ఇంతే: "చెప్పమ్మా, వింటున్నాను. కమిటీకి రాసివ్వడానికి మూడు నెలల టైముంది. రాయడానికి వాళ్లే సాయం చేస్తారు." నోరు తిరిగేదాకా అనిపించండి. ఆ తర్వాత టీ కొట్టు దగ్గర ఆ ఊసు ఎత్తకూడదు. ఆమె అడగకుండా ఫ్లోర్ మార్చకూడదు, మార్చితే శిక్ష ఆమెకే పడినట్టుంటుంది.

వేధించింది యజమానే అయితే ఫిర్యాదు ఎన్టీఆర్ జిల్లా స్థానిక కమిటీకి వెళ్తుంది. ఈ ముక్క చెప్పేటప్పుడు యజమాని కూడా ఆ గదిలోనే కూర్చుని ఉండేలా చూడండి.