సీ ఆఫ్ స్టార్స్: టీవీలో టైమింగ్ తప్పుతుంటే

సీ ఆఫ్ స్టార్స్ (2023) వంతులవారీగా దాడులు చేసుకునే వీడియో గేమే. అయినా దెబ్బ తగిలే క్షణంలో బటన్ నొక్కితేనే రెండో దెబ్బ పడుతుంది. నా టీవీలో అది వరసగా తప్పేది. బొమ్మకు మెరుగులు దిద్దుతూ టీవీ ఆలస్యంగా చూపించడమే కారణం. పిక్చర్ మోడ్‌ని గేమ్ మోడ్‌కి మార్చి, మోషన్ స్మూతింగ్ (కదలికలను నున్నగా చూపే సెట్టింగ్) ఆపాక కుదిరింది. కన్సోల్ పెట్టిన హెచ్‌డీఎంఐ పోర్టులో ఉండగానే మార్చండి. చాలా టీవీలు ఒక్కో పోర్టు సెట్టింగ్ విడిగా దాచుకుంటాయి.

ఆటలో సీక్వెంట్ ఫ్లేర్ అనే రెలిక్ (ఆన్, ఆఫ్ చేసుకోగల సహాయక వస్తువు) దొరికాక ఆన్ చేయండి. సరిగ్గా నొక్కినప్పుడు మెరుపు కనిపిస్తుంది.

శత్రువు పెద్ద దాడికి సిద్ధమవుతూ తలపై లాక్‌లు (దాన్ని ఆపడానికి ఏ రకం దెబ్బలు కొట్టాలో చూపే గుర్తులు) వచ్చినప్పుడే సమయానికి నొక్కడం విలువ తెలుస్తుంది: కథానాయకుల్లో ఒకడైన జేల్ మామూలు దాడి సమయానికి పడితే రెండు కత్తి లాక్‌లు విరుగుతాయి. అన్నీ విరగకపోయినా వదలొద్దు, విరిగిన మేరకు ఆ దాడి బలం తగ్గుతుంది. సాధన మాత్రం మూనరాంగ్‌తో (శత్రువు మీదికి విసిరి, తిరిగొచ్చిన ప్రతిసారీ బటన్ నొక్కి మళ్లీ పంపే దాడి) మొదలుపెట్టొద్దు, దాని వేగం పెరుగుతూ పోతుంది.