రోడ్డు కింద గుల్లలు: జీపీఆర్ పాఠం 4

మూడో పాఠం అభ్యాసంలో చాలామంది పైపు లోతు 1.2 మీటర్లని రాశారు. అది 67 సెంటీమీటర్లలోనే ఉంది. మీ లెక్కను నమ్మి మీటరు వరకు ధైర్యంగా జేసీబీ బకెట్ దించితే పైపు పగులుతుంది. అందుకే గుల్లల (రోడ్డు కింద మట్టిలో ఏర్పడే ఖాళీల) పాఠంలో సగం దీనికే ఇస్తున్నాను.

జీపీఆర్, అంటే నేలలోకి రేడియో తరంగాలు పంపే రాడార్, కొలిచేది తరంగం వెళ్లి తిరిగొచ్చిన కాలాన్ని మాత్రమే. తెర పక్కన కనిపించే లోతు, సెట్టింగుల్లోని డైఎలక్ట్రిక్ విలువతో (నేల తరంగాన్ని ఎంత నెమ్మది చేస్తుందో చెప్పే అంకెతో) యంత్రం వేసిన లెక్క. ఆ అభ్యాసం ఫైల్‌లో విలువ 4, అంటే ఎండిన ఇసుక. గాలిలో తరంగ వేగం నానోసెకనుకు 30 సెం.మీ. ఆ 30ని 4 వర్గమూలంతో భాగిస్తే వేగం నానోసెకనుకు 15 సెం.మీ. రానూపోనూ 16 నానోసెకన్లు కాబట్టి 120 సెం.మీ. చూపించింది. కానీ అక్కడ నేల తడిది.

వేగాన్ని హైపర్బోలా నుంచే, అంటే పైపును దాటినప్పుడు స్కాన్‌లో పడే విల్లు ఆకారం నుంచే తీయండి. శిఖరం దగ్గర 16 నానోసెకన్లు, 50 సెం.మీ. పక్కన 20. వర్గాలు 256, 400, తేడా 144, దాని వర్గమూలం 12. జరిగిన దూరానికి రెట్టింపు, అంటే 100ని 12తో భాగిస్తే 8.3. లోతు 8.3 × 16 ÷ 2, సుమారు 67 సెం.మీ. డైఎలక్ట్రిక్ 13 దగ్గర తేలుతుంది.

కాలాన్ని ఫైల్ పైఅంచు నుంచి కాక నేల ఉపరితలం నుంచి లెక్కపెట్టాలి. పైపును అడ్డంగా, లంబంగా దాటాలి. 45 డిగ్రీల ఏటవాలుగా దాటితే హైపర్బోలా విచ్చుకుని వేగం 1.4 రెట్లు వస్తుంది, లోతూ అంతే పెరుగుతుంది. ఒక్క గీతను మాత్రమే చూసి సాఫ్ట్‌వేర్ ఈ తప్పును పట్టుకోలేదు.

ఇక గుల్లలు. 400 మెగాహెర్ట్జ్ యాంటెన్నా, 60 నానోసెకన్ల విండో (ప్రతిబింబాల కోసం వినే కాలం), 50 సెం.మీ. ఎడంతో రెండు దిశల్లోనూ గీతలు (యంత్రాన్ని నడిపే దారులు). ఆటోమేటిక్ గెయిన్ (సిగ్నల్‌ను తనంతట తానే పెంచే సెట్టింగు) ఆపేయండి. అది బలమైన, బలహీనమైన ప్రతిబింబాలను ఒకే స్థాయికి తెస్తుంది, గుల్లను పట్టించేది ఆ తేడాయే. గాలి నిండిన గుల్ల పైకప్పు మెరుస్తుంది, కిందికి అదే గీత మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. దాని పోలారిటీ, అంటే ప్రతిబింబంలో నలుపు తెలుపు పట్టీల వరుస, ఇనుప పైపుకు తలకిందులు. అందుకే ముందు తెలిసిన ఇనుప పైపు మీద ఒక గీత తీసి పక్కన పెట్టుకోండి. గుల్లలో నీళ్లు నిండితే పోలారిటీ ఇనుములాగే వస్తుంది, కాబట్టి వానలు తగ్గాకే తిరగడం నాకు ఇష్టం. గుంటూరు నల్లరేగడిలో అప్పుడు కూడా మీటరు దాటి ఎక్కువ ఆశించకండి. బంకమట్టి సిగ్నల్‌ను మింగేస్తుంది.

2025 జనవరి 28న జపాన్‌లోని యాషియోలో రోడ్డు కుంగి ట్రక్కు పడిపోయింది. అక్కడి మురుగు పైపు దాదాపు 10 మీటర్ల లోతున ఉంది. ఈ యాంటెన్నా అంత లోతు చూడదు. పగిలిన పైపులోకి మట్టి జారుతూ గుల్ల పైకి పాకి, రెండు మీటర్ల లోపుకు వచ్చాకే మనకు దొరుకుతుంది. అప్పటికి మిగిలే వ్యవధి తక్కువ. పాత మురుగు లైన్ల మీద ఒక్కసారి తిరిగి శుభ్రంగా ఉందని రాయకండి. అవే గీతల మీద మళ్లీ తిరిగి, పాత స్కాన్ పక్కన పెట్టి చూడండి.

అభ్యాసం: ఫ్లైఓవర్ కింద తీసిన స్కాన్. శిఖరం 40 నానోసెకన్లు, 3 మీటర్ల పక్కన 44.7. వేగం తీసి, అది ఏ పదార్థానిదో చెప్పి, ఆ వస్తువు ఎక్కడుందో రాయండి.