మేతలో సముద్రనాచు పొడి నిలవడానికి నేను చేసింది (నా అనుభవం)

మిర్యాలగూడ దగ్గర సాగర్ ఎడమ కాలువ కింద మాకు ఎకరంన్నర చేపల చెరువు ఉంది. రవ్వ, బొచ్చె చేపలు పెంచుతున్నాం. మేతను చిల్లుల సంచుల్లో కట్టి చెరువులో వేలాడదీస్తాం. మేతలో సముద్రనాచు సారం పొడి కలిపితే సంచుల చుట్టూ నీళ్లు టీ రంగుకు మారేవి, తవుడు సగం అలాగే మిగిలేది.

బెల్లం నీళ్లు కలిపి చూశాను, పొడి మోతాదు రెట్టింపు చేశాను, మేత సాయంత్రం వేసి చూశాను: మూడూ దండగే.

ఆ పొడి నీళ్లలో ఇట్టే కరుగుతుంది. చేప నోటికి అందేలోపే చెరువు పాలు. అందుకని కిలో మేతకు 10 గ్రాముల లెక్కన పొడి తీసుకుని, ముందు గోరువెచ్చని నీళ్లలో ఉండలు లేకుండా కలిపాను. నూకలతో చిక్కగా గంజి కాచి, బాగా చల్లారాక అందులో పోశాను. ఆ తర్వాతే తవుడు, పల్లిచెక్క వేసి చపాతీ పిండిలా పిసికి, ముద్దలు చేసి, రెండు గంటలు నీడలో ఆరబెట్టాను. ఒక ముద్దను బకెట్ నీళ్లలో వేసి చూస్తే పావుగంటయినా విచ్చుకోలేదు. అప్పుడే సంచుల్లో వేసి కట్టాను. మొదటి నాలుగు రోజులు సగం మోతాదే ఇచ్చాను. వారం తిరిగేసరికి సంచులు ఖాళీ అవుతున్నాయి. ముద్దలు మర్నాటికి ఉంచొద్దు, పులుస్తాయి.

పైరుకు కొట్టే నాచు ద్రావణం మాత్రం వాడకండి, అందులో ఎరువులు కలిపి ఉండొచ్చు.

దీనివల్లే చేపలు బాగా పెరిగాయా అంటే గట్టిగా చెప్పలేను. పోల్చడానికి పొడి వేయని చెరువు లేదు, పైగా అదే వారం కాలువ నీళ్లు కూడా పెట్టాం. గుళికల మేత వేసేవాళ్లకు ఈ పద్ధతి పనికిరాదనుకుంటా.