గేటు దగ్గర లెక్కలు – 3వ పాఠం: చేతులు మారే టికెట్

మొదటి రెండు పాఠాల్లో వినోద పార్కుల గేటు దగ్గర దొంగ టికెట్ల సంగతి చూశాం. 1955 జూలై 17న కాలిఫోర్నియాలో డిస్నీల్యాండ్ తెరిచిన రోజే నకిలీ ఆహ్వాన పత్రాలతో వేలమంది లోపలికి వచ్చేయడం దగ్గర మొదలుపెట్టి, ఒకే బార్‌కోడ్‌ను పదిమందికి ఫోన్లో పంపుకోవడం దాకా వచ్చాం. దానికి విరుగుడు కూడా నేర్చుకున్నాం: ప్రతి టికెట్ నంబరూ సర్వర్‌లో ఒక్కచోటే ఉండాలి, ఒకసారి స్కాన్ కాగానే ‘వాడేశారు’ అని గుర్తు పడాలి. ఈ ఏర్పాటు ఉన్న పార్కులో నకలు టికెట్ నిలవదు. ముందు వచ్చినవాళ్లు లోపలికి పోతారు, తర్వాత వచ్చినవాళ్లు ఆగిపోతారు.

ఈ పాఠంలో టికెట్ అసలుదే. పార్కే అమ్మింది, డబ్బు పూర్తిగా ముట్టింది, సర్వర్‌లో నంబరు సరిగ్గానే ఉంది. పట్టుకొచ్చిన మనిషి మాత్రం వేరు. నకిలీని పట్టే పనిముట్లేవీ ఇక్కడ పనికిరావు, ఎందుకంటే పట్టుకోవడానికి టికెట్‌లో తప్పేమీ లేదు. అందుకే ఈ పాఠం కాస్త నిదానంగా చదవండి. కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి, మధ్యలో రెండు లెక్కలున్నాయి.

ముందు ధరల పట్టిక

గేటు కట్టేవాళ్లు ఎక్కువమంది స్కానర్ల దగ్గర మొదలుపెడతారు. మీరు ధరల పట్టిక దగ్గర మొదలుపెట్టండి. టికెట్ ఎందుకు చేతులు మారుతుందో అక్కడే రాసి ఉంటుంది.

ఫ్లోరిడాలోని ఓర్లాండో దగ్గర వాల్ట్ డిస్నీ వరల్డ్ ఉంది. అందులో ఇప్పుడు నాలుగు పెద్ద పార్కులు. అన్నీ చూడాలంటే రోజులు పడతాయి కాబట్టి, ఎన్ని ఎక్కువ రోజులకు టికెట్ కొంటే రోజుకు అంత తక్కువ పడేలా ధర పెడతారు. జనం పక్కనున్న మరో పార్కుకు పోకుండా ఇక్కడే ఉండిపోవాలని ఈ ఏర్పాటు. వ్యాపారంగా ఇందులో తప్పేమీ లేదు. కానీ దీనివల్ల ఏం జరుగుతుందో లెక్క వేసి చూద్దాం. అంకెలు నేను పాఠం కోసం పెట్టుకున్నవి.

రెండు రోజుల టికెట్ 190 డాలర్లు, మూడు రోజులది 270, ఐదు రోజులది 350 అనుకుందాం. ఒక కుటుంబంలో ఒకాయనకు మూడు రోజులు చాలు. వచ్చేవారం దిగబోయే ఇంకొకాయనకు రెండు రోజులు చాలు. ఎవరిది వాళ్లు కొంటే మొత్తం 460 డాలర్లు. ఇద్దరికీ కలిపి ఒకే ఐదు రోజుల టికెట్ కొంటే 350. మధ్యలో 110 డాలర్లు ఖాళీగా పడి ఉన్నాయి. ఒక దళారి మొదటాయన దగ్గర మిగిలిన రెండు రోజుల్ని 100 డాలర్లకు కొని, రెండోఆయనకు 150కి అమ్మాడనుకోండి. మొదటాయనకు 20 మిగిలింది, రెండోఆయనకు 40 మిగిలింది, దళారికి 50 వచ్చింది. ముగ్గురూ సంతోషమే. 110 డాలర్లు పోయింది పార్కుకు.

ఇది ఊహ మాత్రమే కాదు. ఆ పార్కుల పక్కన కిస్సిమీ ఊరి మీదుగా పోయే యూఎస్ 192 రోడ్డు పొడవునా చవక టికెట్ల దుకాణాలు ఏళ్ల తరబడి నడిచాయి. అధీకృతంగా అమ్మేవాళ్లతోపాటు, మిగిలిపోయిన రోజుల్ని కొని అమ్మేవాళ్లూ అక్కడ బతికారు. పార్కుల ఒత్తిడి చిన్నది కాదు. ఫ్లోరిడా రాష్ట్రం దీని మీద ఏకంగా చట్టమే చేసింది. బదిలీ చేయకూడని బహుళ దినాల టికెట్‌ను ఒక్కసారి వాడాక అమ్మినా, వ్యాపార లావాదేవీలో భాగంగా ఇంకొకరికి ఇచ్చినా అక్కడ నేరమే.

అయితే రోడ్డు పక్క వ్యాపారాన్ని ఎక్కువగా దెబ్బతీసింది ఆ చట్టం కాదని నా అభిప్రాయం, టికెట్ షరతులు మారడమే. పాత టికెట్లలో మిగిలిన రోజులకు గడువు ఉండేది కాదు. ఈ ఏడు రెండు రోజులు వాడి, మిగతావి పదేళ్ల తర్వాత వాడుకోవచ్చు. అలాంటి టికెట్‌ను దళారి నిల్వ పెట్టుకోగలడు. 2005 జనవరిలో డిస్నీ వరల్డ్ పద్ధతి మార్చింది: మొదటిసారి వాడిన 14 రోజుల్లో మిగతా రోజులన్నీ అయిపోవాలి. గడువు లేని టికెట్ కావాలంటే విడిగా డబ్బు కట్టాలి. తర్వాతి కాలంలో ఆ వెసులుబాటునూ తీసేశారు. 2018లో టికెట్‌ను తేదీలకు కట్టేశారు. దళారి దగ్గర సరుకు పక్షం రోజుల్లో చెడిపోయే సరుకైపోయింది. గేటు దగ్గర ఒక్క కొత్త యంత్రం పెట్టకుండానే జరిగిన పని ఇది.

ఇక్కడ నేర్చుకోవలసింది: పట్టికలో రెండు ధరల మధ్య తేడా ఎక్కడుందో, ఆ తేడాను ఎవరు ఎన్నాళ్లపాటు వాడుకోగలరో ముందు రాసుకోండి. ఆ గండి షరతులతో పూడుతుందా, మనిషిని గుర్తు పట్టక తప్పదా అన్నది అప్పుడు తేలుతుంది.

మనిషిని టికెట్‌కు ముడివేయడం

షరతులతో పూడని గండ్లు ఉంటాయి. ఏడాది పాస్ అలాంటిదే. ఏడాదంతా చెల్లుతుంది, ఇంట్లో నలుగురూ వంతులవారీగా వాడుకోవచ్చు. ఇక్కడ మనిషిని చూడక తప్పదు.

పేరు రాయడం అన్నిటికన్నా చవక. కానీ గేటు దగ్గర గుర్తింపు కార్డు అడిగి, పేరు సరిచూసి, కార్డు తిరిగి ఇచ్చేసరికి లైను కదలదు. దానికన్నా ఫోటో మేలు. కాలిఫోర్నియా డిస్నీల్యాండ్‌లో మొదటిసారి లోపలికి వచ్చేటప్పుడు గేటు దగ్గరే ఫోటో తీస్తారు. మళ్లీ వచ్చినప్పుడు టికెట్ స్కాన్ చేయగానే ఆ ఫోటో సిబ్బంది తెర మీద కనిపిస్తుంది. ఒక్క చూపు చాలు. యంత్రం తీర్పు చెప్పదు, మనిషే చెబుతాడు. చిన్న పార్కుకు నేను మొదట సూచించేది ఇదే. ఒక మామూలు కెమెరా, ఒక తెర, శ్రద్ధగా చూసే ఉద్యోగి ఉంటే సరిపోతుంది.

ఫ్లోరిడాలో అదే సంస్థ వేలిదారి పట్టింది. 1990లలో వార్షిక పాస్‌ల వాళ్లకు వేళ్ల ఆకారం కొలిచే యంత్రాలు పెట్టారు. 2005 ప్రాంతంలో దాన్ని మిగతా టికెట్లకూ విస్తరించారు. తర్వాత వేలి కొనను చదివే స్కానర్లు వచ్చాయి. వేలి చిత్రాన్ని ఒక సంఖ్యగా మార్చి, చిత్రాన్ని వెంటనే తీసేస్తామని సంస్థ చెబుతుంది. వేలు ఇవ్వడం ఇష్టం లేనివాళ్లు ఫోటో గుర్తింపు కార్డు చూపవచ్చు, పిల్లల బదులు తల్లిదండ్రులు తమ వేలు పెట్టవచ్చు. కోవిడ్ తర్వాత 2020లో పార్కులు తిరిగి తెరిచినప్పుడు ఈ స్కానర్లను ఆపేసి, 2021లో మళ్లీ మొదలుపెట్టారు. అదే ఓర్లాండోలో 2025 మే 22న తెరుచుకున్న యూనివర్సల్ వాళ్ల ఎపిక్ యూనివర్స్ పార్కు ముఖం గుర్తుపట్టే కెమెరాల దారిలో వెళ్తోంది.

ఈ పద్ధతుల్లో యంత్రాన్ని రెండు రకాల ప్రశ్నలు అడగవచ్చు. ‘ఈ వేలు ఈ టికెట్‌దేనా?’ అన్నది ఒకటి. ‘ఈ ముఖం మన దగ్గరున్న లక్షల ముఖాల్లో ఎవరిది?’ అన్నది రెండోది. మొదటిదానికి ఒక్క పోలిక చాలు. రెండోదానికి లక్షల పోలికలు కావాలి, పొరపాటుకు అన్ని అవకాశాలు. టికెట్ చేతిలో ఉండగా మీకు మొదటి ప్రశ్న చాలు. అమ్మకందారు రెండోది ఎంత గొప్పగా చెప్పినా, అవసరం ఏమిటని అడగండి.

ఎంత గట్టిగా బిగించాలి?

యంత్రానికి ఒక హద్దు పెట్టాలి. ఎంత పోలిక ఉంటే ఒప్పుకోవాలి అన్నది ఆ హద్దు. బిగిస్తే అరువు టికెట్లు, అంటే ఇంకొకరివి పట్టుకొచ్చినవి, ఎక్కువ దొరుకుతాయి, నిజమైనవాళ్లూ ఎక్కువగా ఆగిపోతారు. వదులు చేస్తే రెండూ తగ్గుతాయి. కొత్తగా నేర్చుకునేవాళ్లు బిగించడమే మంచిదనుకుంటారు. లెక్క వేద్దాం, ఇందులోనూ అంకెలు ఊహించినవే.

రోజుకు 20,000 మంది వస్తారు. వాళ్లలో 200 మందివి అరువు టికెట్లు, 19,800 మందివి సొంతవి.

హద్దు బిగించాం. అరువువాళ్లలో నూటికి 99 మంది దొరుకుతారు, అంటే 198. సొంతవాళ్లలో నూటికి ఇద్దరు పొరపాటున ఆగుతారు, అంటే 396. మొత్తం ఆగింది 594 మంది. ఒక్కొక్కరిని తేల్చడానికి 3 నిమిషాలు పడితే దాదాపు 30 గంటల పని. ఆపిన ముగ్గురిలో ఇద్దరు నిజాయితీపరులు.

హద్దు వదులు చేశాం. అరువువాళ్లలో నూటికి 90 మంది, అంటే 180 మంది దొరుకుతారు. సొంతవాళ్లలో వెయ్యికి ఇద్దరు, అంటే దాదాపు 40 మంది ఆగుతారు. మొత్తం 220 మంది, 11 గంటల పని. ఆపిన ఐదుగురిలో నలుగురు నిజంగానే అరువువాళ్లు.

బిగించినందువల్ల అదనంగా దొరికింది 18 మంది. దానికోసం 350 మందికి పైగా డబ్బు కట్టి వచ్చినవాళ్లను, చాలావరకు పిల్లలతో వచ్చినవాళ్లను, ఎండలో పక్కకు నిలబెట్టాం. అంతకంటే పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. ఎర్రలైటు వెలిగిన ప్రతిసారీ ఎదుట మామూలు మనిషే కనిపిస్తుంటే, సిబ్బంది ఆ లైటును నమ్మడం మానేస్తారు. మధ్యాహ్నానికల్లా అందర్నీ పంపించేయడం మొదలవుతుంది. ఇక దళారి సంగతి ఆలోచించండి. అతను అమ్మిన ప్రతి పదింటిలో తొమ్మిది గేటు దగ్గర ఆగిపోతే అతని దగ్గర కొనేదెవరు? అతన్ని నిలువరించడానికి 90 చాలు.

శరీరాన్ని అడిగే ముందు

ఈ భాగాన్ని దయచేసి దాటేయకండి. టికెట్ పోతే ఇంకొకటి ఇవ్వవచ్చు. వేలిముద్ర వివరం బయటికి పోతే కొత్త వేలు ఇవ్వలేం.

షికాగో దగ్గర గర్నీలో సిక్స్ ఫ్లాగ్స్ గ్రేట్ అమెరికా అనే పార్కు ఉంది. 2014లో బడి నుంచి యాత్రకు వెళ్లిన 14 ఏళ్ల అబ్బాయి దగ్గర సీజన్ పాస్ కోసం బొటనవేలి ముద్ర తీసుకున్నారు. ఎందుకు, ఎన్నాళ్లు ఉంచుకుంటారు అన్నది తల్లికి రాతపూర్వకంగా చెప్పలేదు, ఆమె అనుమతి తీసుకోలేదు. ఇల్లినాయ్ రాష్ట్రంలో 2008 నుంచి ఇందుకు ప్రత్యేక చట్టం ఉంది. తల్లి కోర్టుకు వెళ్లింది. ఆ ముద్ర వల్ల నష్టం ఏమీ జరగలేదు కదా అని పార్కు వాదించింది. 2019 జనవరిలో రాష్ట్ర సుప్రీంకోర్టు, అనుమతి లేకుండా తీసుకోవడమే హక్కుకు భంగం, వేరే నష్టం చూపనక్కరలేదు అని చెప్పింది. చివరికి 3.6 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. అరువు పాస్‌ల వల్ల పోయే డబ్బును ఆపబోయి కట్టిన మొత్తం అది.

మన దేశంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం కూడా ఈ దారిలోనే ఉంది. ఏ వివరం, ఎందుకు తీసుకుంటున్నారో ముందే చెప్పి అనుమతి అడగాలి. 18 ఏళ్లలోపు పిల్లల విషయంలో తల్లిదండ్రుల అనుమతిని సరిచూసుకోవాలి. పార్కుకు వచ్చేవాళ్లలో పిల్లలు చాలామంది ఉంటారు కాబట్టి, వేలి స్కానర్ కొనేముందు ఈ ఒక్క షరతు ఎలా నెరవేరుస్తారో రాసుకోండి. రాయలేకపోతే ఫోటో తెర పద్ధతి గురించి మళ్లీ ఆలోచించండి. ఫోటోకూ అనుమతి కావాలి, కానీ అది పోయినప్పటి నష్టం తక్కువ.

చాలాసార్లు శరీరాన్ని అసలు అడగనక్కరలేదు కూడా. పిల్లల టికెట్ చూడండి. డిస్నీ వరల్డ్‌లో 3 ఏళ్లలోపు ఉచితం, 3 నుంచి 9 వరకు పిల్లల ధర. ఆ ధరకూ పెద్దల ధరకూ తేడా స్వల్పం, కాబట్టి పదకొండేళ్ల పిల్లకు తొమ్మిదే అని చెప్పి మిగుల్చుకునేది ఏమంత ఉండదు. హైదరాబాద్ వండర్‌లాలో ఇంకో దారి: పిల్లల టికెట్‌కు వయసు అడగరు, ఎత్తు కొలుస్తారు. జనన ధ్రువపత్రం అక్కరలేదు, వాదన అక్కరలేదు, గోడ మీద ఒక గీత చాలు. రెండూ నాకు ఎంతో నచ్చిన పరిష్కారాలు.

అభ్యాసం

మీ ఊళ్లో ఒక పార్కు ఉందనుకోండి. ఒక రోజు టికెట్ 1,000 రూపాయలు. ఏడాది పాస్ 2,500. విద్యార్థులకు 200 తగ్గింపు. 20 మంది కలిసివస్తే తలకు 700. చేతి మీద సిరా ముద్ర వేయించుకుని బయటికి వెళ్లి అదే రోజు తిరిగి రావచ్చు.

ఒక్కో ధర పక్కన మూడు విషయాలు రాయండి: ఎవరు ఎవరికి ఇస్తే లాభం, ఎంత లాభం, షరతు మారిస్తే ఆగుతుందా లేక మనిషిని చూడాలా.

రెండు సూచనలు ఇస్తాను. పాస్ మూడోసారి వచ్చినప్పుడే గిట్టుబాటవుతుంది, కాబట్టి ఇంట్లో వంతులు వేసుకునేవాళ్లకు అది పెద్ద ఆకర్షణ. ఫోటో అవసరమయ్యేది అక్కడ. గుంపు టికెట్‌కు ఏ యంత్రమూ వద్దు, 20 మందీ ఒకేసారి ఒకే గేటు గుండా రావాలన్న షరతు చాలు. విద్యార్థి తగ్గింపునూ చేయి ముద్రనూ మీకే వదులుతున్నాను. ముద్ర తడిగా ఉండగానే ఇంకొకరి చేతికి అద్దితే ఏమవుతుందో తప్పకుండా ఆలోచించండి. 4వ పాఠం ఆ ముద్ర దగ్గరే మొదలవుతుంది.